మూడో వరుస, ఏడో కుర్చీ

మూడు లాంతర్లు దాటాక, బట్టల కొట్టు మీద రెండో అంతస్తు.
ఒకప్పుడు కల్యాణ మండపం.
సన్నాయి కోసం కట్టిన కప్పు అది,
గుసగుసని కూడా గట్టిమేళం చేసి కిందకి దించుతుంది.
దాని కింద ముప్పై రెండు బల్లలు, మధ్యలో గోడ అన్నది లేదు.
"గోడలుంటే మనుషులు విడిపోతారు" అన్నాడు మేనేజరు,
తన గాజుగది తలుపు వేసుకుంటూ.

నా పని బీమా కాగితాల్లో అంకెలు సరిచూడటం.
నాలుగు లక్షల పన్నెండు వేల ఆరువందల...
"అయితే పెళ్ళికొడుకు జీతం ఎంతట?"
ఆరువందల...
"వాయిదా ఆగితే పాలసీ చచ్చిపోద్ది సార్"
ఆరు...
వెనక తవిటినాయుడి పళ్ళ మధ్య చేగోడీ విరిగింది.
మళ్ళీ నాలుగు లక్షల దగ్గర్నుంచి.

ఉరుమైతే ఓర్చుకుందును.
పట్టాల పక్కన పెరిగినదాన్ని,
రాయగడ పాసింజరు పోతుంటే పుస్తకం మీదే నిద్రపోయినదాన్ని.
మాటనే ఓర్చుకోలేను.
మాటకి చెయ్యుంటుంది, కొంగు పట్టుకు లాగుతుంది.
సగం విన్న వాక్యం
పంటిసందున ఇరుక్కున్న పీచు,
పొద్దస్తమానం నాలుక దాన్నే వెతుక్కుంటుంది.
హైమావతి ఆడపడుచుకి ఆపరేషను అయిందో లేదో...
ఆవిడ మొహం కూడా నేను చూడలేదు,
ఆ రాత్రి నిద్ర మాత్రం నాకే పట్టలేదు.

ఇంటికెళ్ళాక రెండో కూతకే
కుక్కరు దించేశాను, అన్నం పలుకైంది.
ఎక్కాలు వల్లెవేస్తున్న పిల్లని
నోర్ముయ్ అన్నాను.
ఏడు నాలుగుల దగ్గర గొంతు ఆగిపోయింది.
మిగతా ఎక్కం పెదాలతో చదువుకుంది పిల్ల.
నేను స్నానాలగదిలోకి పోయి
కుళాయి విప్పుకుని కూచున్నాను.

ఘోషాసుపత్రి పక్కసందులో డాక్టరు
చేతికి పట్టీ చుట్టి గాలికొట్టి, నూట యాభై ఎనిమిది అన్నాడు.
"ఉప్పు తగ్గించండి."
ఉప్పు కాదండీ, చప్పుడు, అన్నాను.
ఆయనకి వినపడలేదు.
బయట బల్ల మీద ఎవరి ఫోనో గొంతెత్తి పాడుతోంది.

మేనేజరుకి కాగితం రాసిచ్చాను.
చెవులకి తొడుక్కునే డిప్పలిచ్చాడు,
చప్పుడు మీద చప్పుడు కప్పుకోమని.

తడిగుడ్డ తిప్పే దాలమ్మ
ఇరవై రెండేళ్ళు జూటుమిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి.
లాకౌటు అయ్యాక చీపురు పట్టింది.
మెట్ల మీద టీ తాగుతూ అడిగాను,
అంత రొదలో ఎలా బతికావని.
"మిల్లు అరుత్తాది గానమ్మా, మనతోటి మాటాడదు గదా.
దాని గోల దానిది, మన పని మనది.
ఇక్కడేటో, ముప్పైమంది కడుపులో మాటలు
నీ నెత్తిన కుమ్మరించేత్తన్నారు.
ఒక్కదానికీ మొదలు నేదు, సివర నేదు."
కాసేపాగి, గ్లాసు కడుగుతూ అంది:
"నా కుడిసెవి మిల్లే తినేసింది. అదీ మేలే అయినాది."

అక్కడ గొంతుతో పని లేదట, పెదాలతోనే ఊసులు.
నాకూ నేర్పింది.
రెండు వేళ్ళు పెదవికి తాకిస్తే టీ.
బొటనవేలు భుజం వెనక్కి చూపిస్తే మేస్త్రీ వస్తున్నాడు.
అరచెయ్యి గుండె మీంచి కిందకి జార్చితే, పోనీలే.
హాలు ఆ చివర తను, ఈ చివర నేను.
ముప్పై గొంతుల వరద కింద నుంచి
ఒక్కో మాటా తడవకుండా దాటించుకుంటాం.

నెలాఖరు మధ్యాహ్నం.
గొంతులన్నీ ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కాయి.
నా వేళ్ళు అంకెల మీద వణుకుతున్నాయి.
తలెత్తితే, కిటికీ దగ్గర దాలమ్మ
నోరు పెద్దది చేసి నాకేదో చెప్పింది.
పొడుగాటి మాట. అందలేదు.
జాగ్రత్తందా? లేచి వెళ్ళిపొమ్మందా?
సాయంత్రం దాకా ఆ ఒక్క మాటనే మోశాను,
ఇంకెవరి మాటకీ నాలో చోటు లేకపోయింది.
నాలుగు లక్షల పన్నెండు వేల ఆరువందల ఎనభై మూడు.
లెక్క తేలింది.

మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను.
గుర్తు తెచ్చుకోడానికి కాస్త నిలబడింది దాలమ్మ.
"అదా? ఏటీ నేదమ్మా.
ఆవలించినాను."